కడపంక్తి దాకా రావాల్సిన వడ్డన

నాకౌట్ పోటీ లెక్క చాలా తేలిక. ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో జట్టు ఇంటిదారి పడుతుంది, చివరికి ఒక్కటే మిగులుతుంది. ఎన్ని జట్లు దిగాయో అందులోంచి ఒకటి తీసేస్తే మొత్తం ఎన్ని మ్యాచ్‌లో తేలిపోతుంది. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్ఏ) నడిపే మహిళల ఎఫ్ఏ కప్పులో ఈమధ్య సీజన్లలో నాలుగు వందలకు పైగా జట్లు దిగుతున్నాయి. లెక్క కోసం సరిగ్గా నాలుగు వందలే అనుకుందాం. 399 మ్యాచ్‌లు. చెల్సీ, ఆర్సెనల్, మాంచెస్టర్ సిటీ లాంటి, అన్నిటికన్నా పై శ్రేణి అయిన విమెన్స్ సూపర్ లీగ్ జట్లు రంగంలోకి దిగేది నాలుగో రౌండ్‌లో, అంటే బరిలో 32 జట్లే మిగిలాక. అక్కణ్ణించి ఫైనల్‌తో కలుపుకుని 31 మ్యాచ్‌లు. మిగతా 368 మ్యాచ్‌లు అప్పటికే అయిపోయి ఉంటాయి.

టీవీలో వచ్చేదీ, పత్రికలు రాసేదీ, అభిమానులు వాదించుకునేదీ ఆ 31 గురించే. ఈ వ్యాసం ఆ 368 గురించి. ఈ పోటీని జాతీయ కప్పుగా నిలబెడుతున్నది అవే. అవి లేకపోతే మిగిలేది సూపర్ లీగ్‌లోని ధనిక క్లబ్బులు తమలో తాము ఆడుకునే మరో చిన్న పోటీ. అయినా డబ్బు, మైదానాలు, తేదీల విషయంలో నిర్ణయాలన్నీ పైనున్న 31ని చూసుకునే జరుగుతున్నాయి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా పర్వాలేదంటారు. ఈ కప్పులో కడపంక్తిన కూర్చున్నవాళ్ళకి వడ్డించే చెయ్యి ఇంకా సరిగ్గా చేరలేదని నా ఫిర్యాదు.

ఈ ఫిర్యాదు బరువు తెలియాలంటే వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మగవాళ్ళు సైన్యంలోకి పోతే, తుపాకీ గుళ్ళూ ఫిరంగి గుళ్ళూ తయారుచేసే ఫ్యాక్టరీల్లోకి ఆడవాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం విరామంలో బంతి తన్నడంతో మొదలై, ఫ్యాక్టరీకో జట్టు పుట్టింది. 1917-18లో ఈశాన్య ఇంగ్లండ్‌లోని ఆ జట్లన్నీ ఒక కప్పు కోసం పోటీపడ్డాయి. ఫైనల్ న్యూకాసిల్‌లోని సెయింట్ జేమ్స్ పార్క్‌లో గోల్ లేకుండా ముగిసింది. మళ్ళీ మిడిల్స్‌బరోలో ఆడితే బ్లైత్ స్పార్టన్స్ అమ్మాయిలు 5-0తో గెలిచారు, అందులో మూడు గోల్స్ బెల్లా రే కొట్టింది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్‌లో ప్రెస్టన్‌కి చెందిన డిక్ కెర్ లేడీస్ జట్టు సెయింట్ హెలెన్స్‌తో ఆడింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు 53,000 మంది. చోటు చాలక బయటే ఆగిపోయినవాళ్ళు వేలల్లో. వసూలైన 3,000 పైచిలుకు పౌండ్లు దానధర్మాలకు వెళ్ళాయి.

ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒక తీర్మానం చేసింది. ఈ ఆట ఆడవాళ్ళకు తగదనీ, ప్రోత్సహించకూడదనీ, వసూళ్ళలో ఎక్కువ భాగం ఖర్చులకే పోతోందన్న ఫిర్యాదులున్నాయనీ అంది. తీర్మానాన్ని జాగ్రత్తగా చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. ఆడవాళ్ళు ఆడకూడదని అది శాసించలేదు. తన కింద ఉన్న క్లబ్బులు వాళ్ళకు మైదానాలు ఇవ్వకూడదని చెప్పింది. అంతే చాలింది. గడ్డి ఉన్న మైదానం, గేటు, గ్యాలరీ, టికెట్ కిటికీ లేకపోతే 53,000 మంది ఎక్కడ నిలబడతారు? ఒక్క మాటతో ఆ జనమంతా చెల్లాచెదురయ్యారు. మహిళల ఫుట్‌బాల్‌ని అణచడానికి వాడిన ఆయుధం మైదానం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

నిషేధానికి జవాబుగా ఆ జట్లు సొంతంగా ఒక సంఘం పెట్టుకుని 1922లో ఒక కప్పు నడిపాయి. ఆ జూన్‌లో స్టోక్ లేడీస్ జట్టు డాన్‌కాస్టర్ అండ్ బెంట్లీ లేడీస్‌ని 3-1తో ఓడించి గెలుచుకుంది. దేశం మొత్తం మీద నాకౌట్ కప్పు అనదగ్గది ఇంగ్లండ్ మహిళలకు అదే మొదలు. ఆ సంఘం ఎక్కువకాలం నిలవలేదు. తర్వాతి అర్ధశతాబ్దం పాటు మహిళల జట్లు పార్కుల్లోనూ రగ్బీ మైదానాల్లోనూ ఆడుకున్నాయి.

1969లో విమెన్స్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. 1970-71 సీజన్‌లో మైటర్ ట్రోఫీ పేరుతో ఒక నాకౌట్ మొదలుపెట్టింది. ఇప్పటి మహిళల ఎఫ్ఏ కప్పుకి పుట్టుక అదే. 71 జట్లు వచ్చాయి, స్కాట్లండ్ నుంచి కూడా. 1971 మే 9న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలస్‌లో జరిగిన ఫైనల్‌లో సౌతాంప్టన్ 4-1తో స్కాట్లండ్ జట్టు స్టూవర్టన్ అండ్ థిజిల్‌ని ఓడించింది. పాట్ డేవిస్ హ్యాట్రిక్ చేసింది. మొదటి పదకొండు ఫైనల్స్‌లో ఎనిమిది సౌతాంప్టన్‌వే. మధ్యలో 1974లో వాళ్ళని ఫోడెన్స్ ఓడించింది. అది లారీలు తయారుచేసే ఫ్యాక్టరీ జట్టు. లారీ ఫ్యాక్టరీ జట్టు జాతీయ కప్పు ఎత్తడం నాకౌట్‌లోనే సాధ్యం. లీగ్‌లో ఏడాది పొడుగునా నిలవాలంటే నిండైన బలగం కావాలి. నాకౌట్‌లో ఆరేడు ఆదివారాలు బాగా ఆడితే చాలు.

పోటీ నిర్వహణ 1993లో ఎఫ్ఏ చేతికి వచ్చింది. ఏ సంస్థ 1921లో గేట్లు మూసిందో అదే సంస్థ. అందుకే ఎఫ్ఏ ఈ కప్పు మీద పెట్టే ప్రతి పౌండునూ నేను దాతృత్వంగా చూడను, బాకీ తీర్చడంగా చూస్తాను.

ఇక కప్పు ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాట్లు జరిగేది ఆ వివరాల్లోనే.

నాకౌట్ సాఫీగా నడవాలంటే జట్ల సంఖ్య 16, 32, 64, 128 ఇలా రెట్టింపుల్లో ఉండాలి. ఎప్పుడూ ఉండదు. 71 జట్లనే తీసుకోండి. 64కి దించాలంటే ఏడు జట్లు తగ్గాలి, అంటే 14 జట్ల మధ్య ఏడు మ్యాచ్‌లు. మిగతా 57 జట్లకు ఆ రౌండ్‌లో ఆట లేదు, నేరుగా తర్వాతి రౌండ్‌కి వెళతాయి. దీన్నే బై అంటారు. బై ఎవరికి ఇవ్వాలన్నది మొదటి చిక్కు. చీటీ వేసి ఇవ్వొచ్చు, కిందటేడు ఎంతదూరం వచ్చారో చూసి ఇవ్వొచ్చు, లీగ్ స్థాయిని బట్టి ఇవ్వొచ్చు. ఎఫ్ఏ పద్ధతి మూడోది. ఐదు, ఆరు శ్రేణుల ప్రాంతీయ లీగ్ జట్లు ముందు క్వాలిఫయింగ్ రౌండ్లలో దిగుతాయి, వాటి పైవాళ్ళు తర్వాత చేరతారు, ఇలా మెట్లుమెట్లుగా. సూపర్ లీగ్ జట్టు ఐదు గెలుపులతో కప్పు ఎత్తేస్తుంది. అట్టడుగున మొదలయ్యే జట్టుకి అదే కప్పు కోసం పదికి పైగా గెలుపులు కావాలి.

దీన్ని అన్యాయమని కొందరంటారు. నేననను. ఈ మెట్లు లేకుండా అందరినీ ఒకే గిన్నెలో వేస్తే సెప్టెంబరులోనే ప్రొఫెషనల్ జట్టు ఊరి జట్టు మీద ఇరవై గోల్స్ కొడుతుంది. ఓడినవాళ్ళకి అవమానం, గెలిచినవాళ్ళకి ఒరిగేదేం లేదు, చూసేవాళ్ళకి విసుగు. మెట్లు ఉండాలి. నా గొడవ పై మెట్టుకీ కింది మెట్టుకీ మధ్య డబ్బు తేడా గురించి.

రెండో చిక్కు దూరం. తెలుగులో స్కోరు సమమైనా డ్రాయే, చీటీలు తీసినా డ్రాయే కాబట్టి ఇక్కడ రెండోదాన్ని చీటీ అనే అంటాను. మొదటి రౌండ్లలో దేశాన్ని ప్రాంతాలుగా విడగొట్టి, ఏ ప్రాంతంవాళ్ళకి ఆ ప్రాంతంవాళ్ళతోనే చీటీ తీస్తారు. గిన్నెలో అంకెలు వేసిన బంతులు. ముందు వచ్చిన అంకె జట్టుకి సొంత మైదానం, వెంట వచ్చింది ప్రయాణం కట్టాలి. ఇంగ్లండ్ మధ్యభాగంలో ఉన్న క్లబ్బుకి ఇది హాయి, ఏ పక్కకి పోయినా దగ్గర్లోనే నాలుగు జట్లుంటాయి. కార్న్‌వాల్‌లాంటి కొనకి వస్తే కథ మారిపోతుంది. మూడు వైపులా సముద్రం, పొరుగుజట్లు తూర్పున మాత్రమే. అక్కడి క్లబ్బుకి ‘ప్రాంతీయ’ మ్యాచ్ అన్నా సగం రోజు రోడ్డు మీదే. దాని మీద, ప్రతి ఏడూ అవే నాలుగైదు జట్లు ఎదురుపడతాయి. లీగ్‌లో రెండుసార్లు ఆడినవాళ్ళతోనే కప్పులోనూ ఆడాలంటే కప్పు రుచి ఏముంటుంది?

రౌండ్లు గడిచేకొద్దీ ప్రాంతాల గోడలు తీసేస్తారు. సరిగ్గా అప్పుడే చిన్న క్లబ్బుకి కష్టం మొదలవుతుంది. గెలిచింది కాబట్టి ఇంకా దూరం పోవాలి. పదహారుమంది ఆటగాళ్ళు, కోచ్, ఫిజియో, కిట్ సంచులు ఉంటే నాలుగు కార్లలో సర్దుకోవచ్చు గంటన్నర ప్రయాణానికి. ఐదు గంటలైతే బస్సు మాట్లాడుకోవాలి. పొద్దున్నే బయల్దేరితే కాళ్ళు బిగుసుకుపోయి మైదానంలో దిగుతారు. ముందురోజు రాత్రి ఉండాలంటే గదులు. సోమవారం ఆసుపత్రిలోనో బడిలోనో డ్యూటీ ఉన్న అమ్మాయి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. గెలిచిన ప్రతిసారీ ఖర్చు పెరిగే పోటీ ఇది. ఆ ఖర్చుని మించి బహుమతి పెరిగితేనే గెలుపు గెలుపవుతుంది.

మూడో చిక్కు వాన. దీన్ని దగ్గరగా చూపించాలి.

మూడో రౌండ్ మామూలుగా డిసెంబరులో, నాలుగో రౌండ్ జనవరిలో పడతాయి. ఇంగ్లండ్‌లో మైదానాలు అతి హీనంగా ఉండే నెలలవి. ఆదివారం పొద్దున రిఫరీ మైదానం పరీక్షకి వస్తుంది. ముందు రెండు గోల్‌ముఖాల దగ్గరా మడమతో నొక్కుతుంది. మడమ లోతుగా దిగితే బురద, అసలు దిగకపోతే నేల గడ్డకట్టి ఉండొచ్చని అర్థం. తర్వాత బంతిని భుజం ఎత్తు నుంచి వదులుతుంది. ఎగిరితే సరే, ‘థప్’మని అక్కడే కూర్చుంటే నీరు నిలిచి ఉంది. అప్పుడు బంతిని నేల మీద దొర్లిస్తుంది. నీటిమడుగులో బంతి ఆగిపోతే ఆటగాళ్ళు పాస్ వేసే దూరాన్ని అంచనా కట్టలేరు, ఒకరి మీదికి ఒకరు జారుతూ పోయి మోకాళ్ళు విరగ్గొట్టుకుంటారు. ఒక్క గోల్‌ముఖం దగ్గరే పాడైనా సరే, మ్యాచ్ వాయిదా. అప్పటికే ఎదుటి జట్టు బస్సు దారిలో ఉంటుంది. ఆ బస్సు డబ్బు తిరిగిరాదు.

మైదానం అంత పాడవడానికి వానొక్కటే కారణం కాదు. చాలా మహిళల క్లబ్బులకి మైదానం సొంతం కాదు. శనివారం మగవాళ్ళ జట్టు ఆడి తొక్కేసిన నేలమీదే ఆదివారం వీళ్ళు ఆడాలి. శనివారం వానలో తొంభై నిమిషాలు ఇరవై రెండుమంది బూట్ల మేకులు దిగిన గడ్డి ఒక్క రాత్రిలో కోలుకోదు. వాయిదా పడితే వారం మధ్యలో ఆడదామంటే చిన్న మైదానాలకి లైట్లు ఉండవు, ఉన్నా ఆ సాయంత్రం ఇంకెవరో బుక్ చేసుకుని ఉంటారు. వచ్చే ఆదివారానికి జరిపితే ఆనాటి లీగ్ మ్యాచ్ వెనక్కిపోతుంది. ఇలా రెండుసార్లు జరిగితే ఏప్రిల్లో వారానికి మూడేసి మ్యాచ్‌లు మీద పడతాయి. ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే జట్టు అక్కడ చేతులెత్తేస్తుంది.

ఇది చిన్న క్లబ్బుల బాధే అనుకునేవాళ్ళకి ఒక తేదీ చెబుతాను. 2023 జనవరి 22. సూపర్ లీగ్‌లో చెల్సీ, లివర్‌పూల్ మ్యాచ్ కింగ్స్‌మెడోలో మొదలైన ఆరు నిమిషాలకే ఆగిపోయింది. నేల గడ్డకట్టి ఆటగాళ్ళు జారిపడుతున్నారు. దేశంలోని ధనిక మహిళల జట్లలో ఒకటైన చెల్సీ ఆడే ఆ మైదానంలో అప్పుడు నేలకింద వేడిచేసే గొట్టాలు లేవు. పై మెట్టు మీద పరిస్థితే అదైతే కింద ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 1921లో మైదానం ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నారు, కానీ రెండో వాడకంగా ఇస్తున్నారు.

కోవిడ్ సమయంలో ఈ రెండో స్థానం కాగితం మీద కూడా కనిపించింది. 2020 నవంబరు లాక్‌డౌన్‌లో ప్రభుత్వం క్రీడల్ని ‘ఎలీట్’ (అగ్రస్థాయి), ‘నాన్-ఎలీట్’ అని విడగొట్టింది. పురుషుల ఎఫ్ఏ కప్పు మొదటి రౌండ్ నడిచింది, అందులో చిన్న లీగ్‌ల జట్లు ఉన్నా సరే. మహిళల కప్పు కింది రౌండ్లని ‘నాన్-ఎలీట్’ అని ఆపేశారు. 2021 జనవరిలో ఎనిమిదో శ్రేణికి చెందిన మెరైన్ పురుషుల జట్టు టోటెన్‌హామ్‌తో ఆడి దేశమంతటి ప్రేమనూ అందుకుంది, నాకూ ఆ మ్యాచ్ అంటే గౌరవమే. కానీ అదే నెలలో మూడో శ్రేణి మహిళల జట్టు కప్పు మ్యాచ్ ఆడటానికి వీల్లేకపోయింది. ఎనిమిదో శ్రేణి మగవాళ్ళు ఎలీట్, మూడో శ్రేణి ఆడవాళ్ళు కాదు. దాంతో ఆ సీజన్ కప్పు సాగిసాగి, ఫైనల్ 2021 డిసెంబరుకి పోయింది. చెల్సీ 3-0తో ఆర్సెనల్‌ని ఓడించిన ఆ రోజు డిసెంబరు 5. తీర్మానానికి సరిగ్గా నూరేళ్ళు నిండిన రోజు. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో 40,942 మంది కూర్చుని చూశారు.

ఇప్పుడు డబ్బు.

2021-22లో మహిళల కప్పు గెలిచిన జట్టుకి బహుమతి 25,000 పౌండ్లు. అదే ఏడాది పురుషుల విజేతకి 18 లక్షల పౌండ్లు. లూయిస్ అనే చిన్న ఊరి క్లబ్బు, 2017లోనే తన పురుషుల జట్టుకీ మహిళల జట్టుకీ సమానంగా ఖర్చుపెట్టడం మొదలుపెట్టిన క్లబ్బు, ఈ తేడా మీద గట్టిగా గొంతెత్తింది. ఎఫ్ఏ కదిలింది. 2022-23కి మొత్తం బహుమతి నిధి 30 లక్షల పౌండ్లయింది, ఫైనల్ గెలిచినవాళ్ళకి లక్ష. 2023-24కి నిధి 60 లక్షలు, ఫైనల్ గెలుపుకి 4,30,000. పురుషుల ఫైనల్ విజేతకి అప్పటికి 20 లక్షలు. తేడా ఇంకా ఉంది, కానీ తగ్గింది. ఆ మేరకు అభినందించాల్సిందే, అభినందిస్తున్నాను.

అయితే ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క ఏడాదిలో మొత్తం నిధి రెండింతలైంది. ఫైనల్ విజేత వాటా 4.3 రెట్లయింది. కిందివాళ్ళ వాటాకంటే విజేత వాటా వేగంగా పెరిగిందన్నమాట. చెల్సీకో మాంచెస్టర్ యునైటెడ్‌కో ఆ నాలుగు లక్షలు వాళ్ళ ఏడాది బడ్జెట్‌లో ఒక చిన్న గీత. దానివల్ల వాళ్ళ జట్టు కూర్పులో ఒక్క పేరు కూడా మారదు.

నేను చేసిన చిన్న లెక్క ఇది. ఫైనల్ విజేతకి 4,30,000 బదులు రెండు లక్షలే ఇచ్చి, మిగిలిన 2,30,000ని మొదట్లో చెప్పుకున్న 368 మ్యాచ్‌లకి సమంగా పంచితే ఒక్కో మ్యాచ్‌కి 625 పౌండ్లు వస్తుంది. ఇప్పుడిస్తున్నదానికి అదనంగా. గెలిచినవాళ్ళకి 400, ఓడినవాళ్ళకి 225 అనుకోండి. రిఫరీలకిచ్చే రుసుము, మైదానం అద్దె, ప్రథమ చికిత్స చేసేవాళ్ళ ఖర్చు, ఎదుటి జట్టుకి టీ, తినడానికేదైనా. చిన్న క్లబ్బు ఆదివారం ఖర్చులో ఆ డబ్బు స్పష్టంగా కనిపిస్తుంది. ఫైనల్‌లో తగ్గిన డబ్బు ఎవరికీ కనిపించదు. ఒకే డబ్బు ఒకచోట కనిపించకుండా పోయి, ఇంకోచోట ఒక జట్టుని నిలబెడుతుందంటే ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు.

ఓడినవాళ్ళకి ఎందుకని అడుగుతారు. ఎందుకంటే బస్సువాడు స్కోరు అడిగి అద్దె తీసుకోడు. నాకౌట్‌లో ఏ రౌండ్‌లోనైనా ఆడిన జట్లలో సగం పోతాయి. గెలిచినవాళ్ళకే డబ్బంటే, సగం క్లబ్బులకి ఈ పోటీలో పేరు నమోదు చేసుకోవడమే నష్టం. వరసగా రెండేళ్ళు నష్టపోయిన క్లబ్బు కోశాధికారి మూడో ఏడు ఎంట్రీ ఫారం నింపేముందు ఆలోచిస్తారు.

దీనికి ఎదురొచ్చే వాదన నాకు తెలుసు, అది తేలిక వాదన కూడా కాదు. జనాన్ని రప్పిస్తున్నది పెద్ద క్లబ్బులే కదా అంటారు. నిజమే. 2013 ఫైనల్ డాన్‌కాస్టర్‌లో జరిగితే ఐదు వేలమంది కూడా రాలేదు. 2015లో వెంబ్లీకి మారాక, చెల్సీ, నాట్స్ కౌంటీ ఆడితే 30,710. 2023లో సామ్ కెర్ కొట్టిన ఒక్క గోల్‌తో చెల్సీ జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌ని ఓడించినప్పుడు 77,390. తర్వాతి రెండేళ్ళూ డెబ్బై వేలకి తగ్గలేదు. ఈ జనం ఆ నాలుగైదు పేర్ల కోసం వస్తున్నారు. మరి డబ్బు వాళ్ళకి పోతే తప్పేంటి?

తప్పు ఏంటంటే, ఆ పేర్లు ఎక్కణ్ణించి వచ్చాయో మర్చిపోవడం. 2009 ఫైనల్ గుర్తుచేసుకోండి. డర్బీలో ఆర్సెనల్ 2-1తో సండర్‌లండ్ మీద గెలిచింది. సండర్‌లండ్ అప్పుడు రెండో శ్రేణి జట్టు. అందులో 17 ఏళ్ళ లూసీ బ్రాంజ్ ఉంది, జోర్డాన్ నాబ్స్ ఉంది. బ్రాంజ్ తర్వాత ప్రపంచంలోనే మేటి డిఫెండర్లలో ఒకరైంది. కింది శ్రేణి జట్టు ఫైనల్ దాకా రాగలిగిన కప్పు కాబట్టే ఆ అమ్మాయిని దేశం ఆ వయసులోనే చూసింది. 2011లో సూపర్ లీగ్ మొదలయ్యాక ఫైనల్‌కి వచ్చిన జట్లన్నీ పై శ్రేణివే. 2013 నుంచి 2025 దాకా పదమూడు కప్పుల్ని నాలుగే క్లబ్బులు పంచుకున్నాయి: చెల్సీ ఆరు, ఆర్సెనల్ మూడు, సిటీ మూడు, యునైటెడ్ ఒకటి. వాటి బయట చివరిసారి గెలిచింది 2012లో బర్మింగ్‌హామ్, అదీ 2-2 తర్వాత పెనాల్టీల్లో. ఇది ఒక్క ఇంగ్లండ్ జబ్బు కాదు. జర్మనీ మహిళల కప్పుని వోల్ఫ్స్‌బర్గ్ 2015 నుంచి 2024 దాకా వరసగా పదేళ్ళు ఎవరికీ ఇవ్వలేదు. విజేతకి ఎక్కువ ఇచ్చేకొద్దీ ఈ వలయం బిగుస్తుంది తప్ప వదులవదు.

పెద్ద జట్లని ఒక రౌండ్ ముందే దింపితే చిన్నవాళ్ళకి పెద్దవాళ్ళతో ఆడే అవకాశం ఎక్కువ వస్తుందని ఇంకొందరు అంటారు. అది డిసెంబరు క్యాలెండర్‌లో ఇమడదు. పైగా పైన చెప్పిన ఇరవై గోల్స్ ప్రమాదం అలాగే ఉంటుంది. దానికంటే మేలైన మార్పు ఒకటుంది: నాలుగో రౌండ్ నుంచి, రెండు శ్రేణులో ఇంకా ఎక్కువో తేడా ఉన్న జట్లు ఎదురుపడితే, చీటీలో ఎవరి అంకె ముందొచ్చినా మ్యాచ్ కింది జట్టు మైదానంలోనే జరగాలి. జర్మనీ పురుషుల కప్పులో ప్రొఫెషనల్ క్లబ్బుతో పడిన అమెచ్యూర్ క్లబ్బుకి సొంత మైదానం ఇస్తారు. ఫ్రాన్స్ పురుషుల కప్పులోనూ రెండు శ్రేణుల తేడా ఉంటే కిందివాళ్ళ దగ్గరే ఆడతారు. కొత్తగా కనిపెట్టాల్సిందేం లేదు.

సొంత మైదానం ఏం చేస్తుందో లూయిస్ చూపించింది. 2023 మార్చిలో రెండో శ్రేణిలో ఉన్న ఆ జట్టు క్వార్టర్ ఫైనల్‌కి వచ్చి, తమ డ్రిప్పింగ్ పాన్ మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆడింది. 3-1తో ఓడింది. కానీ ఒక గోల్ కొట్టింది. ఆ గోల్‌ని ఆ ఊరి పిల్లలు తమ ఊళ్ళో, తమ గట్ల మీద నిలబడి చూశారు. అదే మ్యాచ్ మాంచెస్టర్‌లో జరిగుంటే, లూయిస్ నుంచి రెండు బస్సులు వెళ్ళేవి, ఊళ్ళో మిగతావాళ్ళు స్కోరు మాత్రం ఫోన్‌లో చూసుకునేవారు.

ఇందులో ఒక అడ్డంకి ఉంది, దాచను. కింది జట్టు మైదానం నాలుగో రౌండ్ స్థాయికి తగదని తేలొచ్చు: బట్టలు మార్చుకునే గదులు చాలకపోవచ్చు, కెమెరా పెట్టే చోటు లేకపోవచ్చు, వైద్య సదుపాయం సరిపోకపోవచ్చు. అప్పుడు మ్యాచ్‌ని పెద్దవాళ్ళ దగ్గరికి మార్చడం సులువైన దారి. అలా మారిస్తే నియమం కాగితానికే మిగులుతుంది. అందుకే ఆ నియమంతో పాటే దగ్గర్లోని మగవాళ్ళ క్లబ్బు మైదానాన్ని ఆ ఒక్క ఆదివారానికి ఎఫ్ఏ మాట్లాడిపెట్టాలి, శనివారం అక్కడ ఆట లేకుండా చూడాలి. 1921లో ఒక్క తీర్మానంతో తన కింది క్లబ్బుల మైదానాలన్నీ మూయించగలిగిన సంస్థకి ఒక్క ఆదివారం ఒక్క మైదానం తెరిపించడం కష్టమంటే నేను నమ్మను.

నాకౌట్‌లో ఫలితం ఆరోజే తేలాలి కాబట్టి పెనాల్టీల గురించీ ఒక మాట. చిన్న జట్లు ఇక్కడా ఓడిపోతుంటాయి, అదీ సిద్ధంగా లేక. ఆట ముగిసేసరికి మైదానంలో ఉన్నవాళ్ళే తన్నాలి. బాగా తన్నే అమ్మాయిని 85వ నిమిషంలో బయటికి తీసేసి తర్వాత తల పట్టుకునే కోచ్‌లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. ఆటలో ఎవరైనా రెడ్ కార్డుతో పోయి పదిమందే మిగిలితే, ఎదుటి జట్టు కూడా ఒకర్ని తగ్గించుకుని సమం చేసుకోవాలి. ఐదుగురి వరసని ముందే రాసుకోవాలి. ఆరో పేరూ ఏడో పేరూ కూడా. నాణెం రెండుసార్లు వేస్తారు, ఒకటి ఏ గోల్ వైపు తన్నాలో, రెండోది ఎవరు ముందో. ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు. గురువారం ప్రాక్టీసులో ఇరవై నిమిషాలు చాలు.

ఖర్చుతో కూడిన పనుల దగ్గరే సాయం కావాలి. ప్రయాణం వంద మైళ్ళు దాటితే మైలుకి ఇంతని ఎఫ్ఏ బహుమతితో సంబంధం లేకుండా ఇవ్వాలి. రిఫరీ మైదానం దగ్గరికొచ్చాక వాయిదా వేస్తే ఎదుటి జట్టు ఖాళీగా తిరిగిపోయిన బస్సు ఖర్చు కూడా ఇవ్వాలి. ఓడినా దక్కే వాటాని మ్యాచ్ అయ్యాక కాకుండా ముందే పంపాలి. చిన్న క్లబ్బుకి అప్పటిదాకా అప్పు తీసుకునే వెసులుబాటు ఉండదు. చీటీలో దూరపు ఊరు పడిన సాయంత్రం కార్యదర్శి బస్సు కంపెనీకి ఫోన్ చేస్తే, అవతలివాళ్ళు ముందు అడిగేది అడ్వాన్సు గురించే. ఆ ఫోన్ చేసేలోపే ఆ డబ్బు ఖాతాలో పడి ఉండాలి.